మజిలీలు లేని యాత్రలు

వేసవి రాగానే హిమాలయ క్షేత్రాల ద్వారాలు తెరుచుకుంటాయి. ఆ వెంటనే మన పత్రికల జిల్లా పేజీలలో ఒక చిన్న వార్త రావడం మొదలవుతుంది: "యాత్రలో గుండెపోటుతో వృద్ధుడి మృతి." నాలుగు పంక్తుల ఆ వార్త చదివి కొందరు "పుణ్యక్షేత్రంలో పోయాడు, ధన్యుడు" అంటారు. మరికొందరు "ఆయువు తీరింది, ఎవరేం చేస్తారు" అంటారు. ఈ రెండు మాటలతోనూ నాకు తగాదా ఉంది. మరణించిన మనిషికి అవి గౌరవం ఇస్తున్నట్లు కనిపిస్తాయి గాని, నిజానికి అవి అడగవలసిన ప్రశ్నను అడగకుండా చేస్తాయి. ఆ మనిషి ఎంత ఎత్తులో ఉండగా పోయాడు? అంత ఎత్తుకు ఎన్ని రోజులలో చేరాడు? దారిలో ఎక్కడ ఎన్ని రాత్రులు నిద్రించాడు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా "గుండెపోటు" అని రాయడం వైద్య నిర్ణయం అనిపించుకోదు.

2022 యాత్రా కాలంలో చార్‌ధామ్ మార్గంలో 200 మందికి పైగా యాత్రికులు అనారోగ్యంతో మరణించారు. వారిలో ఎక్కువ మందికి గుండె జబ్బే కారణమని ప్రకటించారు. గుండె జబ్బు కారణం కానేకాదని నేను అనను. చలి, ఆయాసం, తగ్గిన ప్రాణవాయువు కలిస్తే పాత గుండెజబ్బు తిరగబెట్టడం సహజమే. అయితే ఆ ఎత్తులో గుండె కంటే ముందు దెబ్బతినేవి ఊపిరితిత్తులలోని రక్తనాళాలు. వాటి స్వభావం తెలిసినవారెవరూ సముద్రతీరపు వృద్ధులను మూడు రోజులలో హిమాలయాల మీదికి తీసుకుపోరు. తెలియనివారు తీసుకుపోతున్నారు. తెలిసి కూడా డబ్బు కోసం తీసుకుపోయేవారూ ఉన్నారు. ఈ వ్యాసం వారి మీద.

ముందుగా ఆ రక్తనాళాల సంగతి చెప్పాలి. శరీరంలో మరెక్కడైనా ప్రాణవాయువు తక్కువైతే అక్కడి రక్తనాళాలు విప్పారి మరింత రక్తాన్ని తెచ్చుకుంటాయి. ఊపిరితిత్తులలోని సన్నని ధమనులు ఇందుకు పూర్తిగా విరుద్ధం. ప్రాణవాయువు తగ్గితే అవి ముడుచుకుపోతాయి. 1946లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు ఫాన్ ఆయిలర్, లిల్జెస్ట్రాండ్ పిల్లులపై చేసిన ప్రయోగాలలో దీన్ని స్పష్టంగా చూపించారు. కాలువ కింద సాగు చేసే మన రైతుకు ఇది వెంటనే బోధపడుతుంది. పైరు లేని మడికి మదుము మూసి, పైరున్న మడికి నీరు మళ్ళించడం అతడు రోజూ చేసే పనే. న్యుమోనియా వచ్చి ఊపిరితిత్తిలో ఒక భాగానికి గాలి ఆడకపోతే, ఆ భాగానికి పోయే ధమని ముడుచుకొని, గాలి ఆడే భాగానికి రక్తాన్ని మళ్ళిస్తుంది. ఇది ప్రాణాన్ని కాపాడే ఏర్పాటు.

ఈ ఏర్పాటు ఒక మడిలో లోపం వస్తే సరిదిద్దడానికి పుట్టింది. ఆయకట్టు మొత్తం ఒకేసారి ఎండిపోతే ఏం చేయాలో దానికి తెలియదు. ఎత్తుకు పోయినప్పుడు జరిగేది అదే. గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడైనా 21 శాతమే. కాని గాలి పీడనం తగ్గిపోతుంది. సముద్రమట్టంలో 760 మిల్లీమీటర్లుండే పీడనం 3,500 మీటర్ల ఎత్తున దాదాపు మూడింట రెండు వంతులకు, 5,500 మీటర్ల ఎత్తున సగానికి దిగిపోతుంది. అప్పుడు ఊపిరితిత్తులలోని మదుములన్నీ ఒక్కసారిగా మూతపడతాయి. వాటి వెనుక పీడనం పెరుగుతుంది. మామూలుగా ఊపిరితిత్తుల ధమనులలో సగటు పీడనం సుమారు 14 మిల్లీమీటర్లే. చేతికి పట్టీ కట్టి చూసే 120 తో పోలిస్తే చాలా స్వల్పం. ఆ కొద్దిపాటి పీడనానికి తగినట్లే గుండె కుడి గది గోడ పలుచగా ఉంటుంది. అది ఉన్నట్టుండి రెట్టింపు, మూడింతల బరువు మోయవలసి వస్తుంది.

అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటుంది. మదుములన్నీ సమానంగా మూతపడవు. కొన్ని గట్టిగా మూసుకుంటే, కొన్ని తెరిచే ఉంటాయి. ఆగిపోయిన రక్తమంతా ఆ తెరిచి ఉన్న దారులలో వరదలా పడుతుంది. అక్కడి కేశనాళికల గోడలు వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. ఆ ధాటికి అవి చీలి, రక్తంలోని ద్రవం గాలి తిత్తులలోకి కారుతుంది. గట్టు తెగిన కాలువ పక్క పొలాన్ని ముంచినట్లే మనిషి తన ఊపిరితిత్తులలోనే మునిగిపోతాడు. వైద్యులు దీన్ని హై ఆల్టిట్యూడ్ పల్మనరీ ఎడీమా అంటారు. పొడిగా చెప్పాలంటే, ఎత్తుకు పోవడం వల్ల ఊపిరితిత్తులలో నీరు చేరడం.

ఈ వ్యాధిని చాలా కాలం న్యుమోనియా అనో, గుండె వైఫల్యం అనో అనుకున్నారు. 1960లో అమెరికా వైద్యుడు చార్లెస్ హ్యూస్టన్ ఆరోగ్యవంతుడైన ఒక యువకునికి కొండల మీద వచ్చిన ఈ పరిస్థితిని వివరించి, ఇది ఎత్తు వల్ల వచ్చే ప్రత్యేక వ్యాధి అని ప్రకటించాడు. ఆ తర్వాతి పరీక్షలలో ఇటువంటి రోగులకు గుండె ఎడమ భాగం బాగానే పనిచేస్తున్నట్లు, పీడనమంతా ఊపిరితిత్తుల ధమనులలోనే ఉన్నట్లు తేలింది. అంటే గుండె బలంగా ఉన్నవారికి కూడా ఇది వస్తుంది. "గుండె పరీక్ష చేయించుకున్నాం, అంతా బాగుంది" అని ధీమాగా బయలుదేరేవారు ఈ వాక్యాన్ని మరొక్కసారి చదువుకోవాలి.

ఈ జ్ఞానంలో భారతదేశపు వాటా చాలా పెద్దది. దాని వెల కూడా పెద్దదే. 1962 చైనా యుద్ధ సమయంలో మైదానాల నుంచి సైనికులను విమానాలలో తీసుకుపోయి హిమాలయాల ఎత్తులలో దించవలసి వచ్చింది. వారిలో ఎందరో శత్రువును చూడకముందే ఆయాసంతో కుప్పకూలారు. సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు ఈ రోగులను పరిశీలించి 1965లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. 1969లో 1,925 మంది సైనికులలో కనిపించిన ఎత్తు జబ్బుల వివరాలను వెల్లడించారు. నేటికీ ప్రపంచ వైద్యగ్రంథాలు ఆ పరిశీలనలను ప్రస్తావిస్తాయి. 1990లో మరొక భారతీయ బృందం, 5,800 మీటర్లకు పైన వారాల తరబడి కాపలా కాసిన 21 మంది జవాన్లకు గుండె కుడి భాగం విఫలమై ఒళ్ళు వాచిన తీరును వివరించింది. కిందికి దించగానే వారు కోలుకున్నారు. మందు కొండ దిగడంలోనే ఉందన్నమాట.

ఈ పాఠాల నుంచి సైన్యం ఒక నియమం చేసుకుంది. 9,000 అడుగులు దాటే ఎత్తుకు వెళ్ళే జవాను ముందు ఆరు రోజులు అక్కడ ఆగి శరీరాన్ని అలవాటు చేసుకోవాలి. 12,000 అడుగులు దాటాలంటే మరో నాలుగు రోజులు. 15,000 అడుగులు దాటాలంటే ఇంకో నాలుగు రోజులు. మొత్తం పద్నాలుగు రోజులు. సెలవు మీద ఇంటికి వచ్చి తిరిగి వెళ్ళిన జవాను కూడా మళ్ళీ ఈ మెట్లు ఎక్కవలసిందే. మన ఉద్దానం పల్లెలలో కొడుకును సైన్యానికి పంపిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. వారినే అడగండి. ఇరవై రెండేళ్ళ వయసులో, పరుగు పందెంలో నెగ్గి, వైద్య పరీక్షలలో నిలిచి ఎంపికైన కుర్రవాడికి ప్రభుత్వం పద్నాలుగు రోజుల గడువు ఇస్తున్నది. అదే ఇంట్లోని అరవై అయిదేళ్ళ అమ్మమ్మకు యాత్రల వ్యాపారి ఇచ్చే గడువు ఎన్ని గంటలు?

లెక్క వేసి చూద్దాం. జలంత్రకోట నుంచి టెక్కలి దాకా ఉన్న మన నేల సముద్రానికి కూతవేటు దూరం. మనకు కనిపించే మహాపర్వతం మహేంద్రగిరి. దాని ఎత్తు 1,501 మీటర్లు. కేదారనాథ్ 3,583 మీటర్లు, అమరనాథ్ గుహ 3,888 మీటర్లు, లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్లు, కైలాస పరిక్రమలో డోల్మా కనుమ 5,600 మీటర్లకు పైన. పలాసలో రైలెక్కిన మనిషి హరిద్వారంలో దిగేటప్పటికి 300 మీటర్ల ఎత్తు కూడా పెద్దగా దాటడు. అక్కడి నుంచి గుప్తకాశీకి బస్సు. మరునాడు హెలికాప్టర్ ఎక్కితే కొద్ది నిమిషాలలో 3,583 మీటర్లు. మహేంద్రగిరికి రెండింతలు దాటిన ఎత్తుకు తేనీరు తాగినంత సేపటిలో చేర్చి, "పెద్దవారికి శ్రమ లేని యాత్ర" అని కరపత్రం వేస్తారు. కాళ్ళకు శ్రమ లేని మాట నిజమే. ఊపిరితిత్తుల రక్తనాళాల శ్రమను మాత్రం ఎవరూ లెక్కించలేదు.

మన పెద్దలకు శాస్త్రం తెలియకపోయినా యాత్ర తెలుసు. రోడ్లు లేని రోజులలో హరిద్వారం నుంచి బదరీ కేదారాలకు నడిచి వెళ్ళేవారు. దారిపొడవునా చట్టీలనే విడుదులలో రాత్రి ఆగేవారు. యాత్ర అంటే మజిలీలే. ఒక్కొక్క మజిలీకి కొద్దికొద్దిగా ఎత్తు పెరిగేది. రాత్రి నిద్రలో శ్వాస, రక్తం, మూత్రపిండాలు ఆ ఎత్తుకు సర్దుకొనేవి. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమన్న సామెత ఆ రోజుల కలరా, దోపిడీ, ఆకలి చూసి పుట్టింది. వాటిని మనం చాలావరకు జయించాం. ఆ విజయగర్వంలో మజిలీలను కూడా ఎత్తివేశాం. పాత యాత్రలో ఉన్న ఒకే ఒక వైద్యాన్ని తీసిపారేసి, దానికి సౌకర్యమని పేరు పెట్టుకున్నాం.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. ఊపిరితిత్తులలో నీరు చేరడానికి సాధారణంగా ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది. రెండో రాత్రి ఎక్కువ ప్రమాదం. కనుక హెలికాప్టర్లో వెళ్ళి గంటసేపు దర్శనం చేసుకొని దిగివచ్చేవారికి ఆ వ్యాధి రావడం అరుదు. అయితే రక్తనాళాలు ముడుచుకోవడం నిమిషాలలో మొదలవుతుంది. ఊపిరితిత్తులు, గుండె బాగున్నవారు ఆ గంటను భరించగలరు. ముందే ఊపిరితిత్తుల పీడనం పెరిగి ఉన్నవారి సంగతి వేరు. మన ప్రాంతంలో అటువంటివారు ఎవరు? నలభై ఏళ్ళు చుట్ట కాల్చినవారు, అడ్డపొగ పీల్చిన అవ్వలు, కట్టెల పొయ్యి ముందు జీవితం గడిపినవారు, జీడిపిక్కల బట్టీల పొగలో పనిచేసినవారు. వీరిలో ఎందరికో ఊపిరితిత్తులు దెబ్బతిన్నా ఎన్నడూ పరీక్ష జరగలేదు. "వయసు మీద పడింది, ఆయాసం మామూలే" అనుకుంటారు. అలా బయలుదేరిన మనిషికి ఆ గంట కూడా ఎక్కువే. వాతావరణం చెడి హెలికాప్టర్ రాకపోతే ఆ గంట రాత్రిగా మారుతుంది. హిమాలయాలలో అది నిత్యం జరిగేదే.

ఉద్దానం వారికి మరొక హెచ్చరిక ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో మూత్రపిండాల వ్యాధి ఏ స్థాయిలో ఉందో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో దీని కోసం ప్రత్యేక ఆసుపత్రి కూడా వచ్చింది. క్రియాటినిన్ పెరిగినవారికి తరచుగా రక్తహీనత ఉంటుంది. పలుచని గాలిలోని కొద్దిపాటి ప్రాణవాయువును మోయడానికి కూడా వారి రక్తంలో తగినంత హీమోగ్లోబిన్ ఉండదు. ఒంట్లో నీరు నిలిచే స్వభావం ఉంటే ఊపిరితిత్తులలోకి అది మరింత సులభంగా చేరుతుంది. డయాలసిస్ మీద ఉన్నవారిలో చాలామందికి మైదానంలోనే ఊపిరితిత్తుల ధమనుల పీడనం ఎక్కువ. ఇక కొండ జబ్బుకు ముందుజాగ్రత్తగా అందరికీ పంచే అసిటజోలమైడ్ మాత్ర మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. అవి చెడిపోయినవారికి ఆ మాత్ర హాని చేయగలదు. తలనొప్పికి, మోకాళ్ళ నొప్పికి దారిలో మింగే నొప్పి మాత్రలు ఉన్న కాస్త మూత్రపిండాన్నీ దెబ్బతీస్తాయి. బస్సులో అందరికీ ఒకే మాత్ర పంచే యాత్రా నిర్వాహకుడు మీ క్రియాటినిన్ ఎంతో ఎన్నడైనా అడిగాడా?

"వేలమంది వెళ్ళి వస్తున్నారు, వారికేమీ కాలేదే" అని అడుగుతారు. నిజమే. ఈ రక్తనాళాల స్పందన మనిషికీ మనిషికీ మారుతుంది. కొందరిలో స్వల్పం, కొందరిలో అతి తీవ్రం. తరతరాలుగా టిబెట్ ఎత్తులలో బ్రతికినవారిలో ఈ సంకోచం తక్కువ. అక్కడి జడలబర్రెల ఊపిరితిత్తుల ధమనులు పలుచని గోడలతో, ముడుచుకోని స్వభావంతో ఉంటాయి. సముద్రతీరంలో పుట్టి పెరిగిన మనం ఏ కోవకు చెందుతామో ఎక్కితే గాని తెలియదు. ఒకసారి ఈ వ్యాధి వచ్చినవారికి మళ్ళీ అంత ఎత్తుకు అదే వేగంతో వెళితే మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. పక్కింటివారు క్షేమంగా వచ్చారన్నది వారి రక్తనాళాల గురించిన వార్త. మీ రక్తనాళాల గురించి అది ఏమీ చెప్పదు.

"మేం కుర్రవాళ్ళం, వ్యాయామం చేస్తాం" అనేవారు మరొక కోవ. విమానంలో నేరుగా లేహ్‌లో దిగి, మరునాడే 5,000 మీటర్లు దాటిన కనుమకు మోటారు సైకిళ్ళ మీద పరుగెత్తే యువకులు వీరు. కండబలానికీ ఈ వ్యాధికీ సంబంధం లేదు. బలమున్నవాడు వేగంగా ఎక్కుతాడు, దగ్గును లెక్కచేయడు, కనుక వాడికే ప్రమాదం ఎక్కువ. నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు కూడా నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. అందరూ ఆమె ధైర్యాన్ని కీర్తించారు. ఆ ధైర్యం వెనుక నెలల శిక్షణ, కొండ మీద వారాల తరబడి ఎక్కుతూ దిగుతూ శరీరాన్ని అలవాటు చేసుకొనే క్రమం ఉన్నాయి. మన యువకులు ఆమె నుంచి నేర్చుకోవలసింది ఆ ఓపికను.

ఇక కర్పూరం మూటల సంగతి. 2021లో కరోనా రెండో దశలో కర్పూరం, వాము కలిపి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని వాట్సాప్‌లో చెలరేగిన ప్రచారం ఇప్పుడు కొండలెక్కింది. కర్పూరం ముక్కుకు చల్లగా తగిలి ఊపిరి తేలికైనట్లు అనిపిస్తుంది. రక్తంలో ప్రాణవాయువు ఒక్క పాలు కూడా పెరగదు. దారిలో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాలకే ఖాళీ అవుతుంది. ఈ రెండింటి వల్లా కలిగే అసలు హాని అబద్ధపు ధైర్యం. వెంటనే దిగిపోవలసిన మనిషి మూట వాసన చూస్తూ ఇంకో మలుపు ఎక్కుతాడు.

మా వృత్తివారినీ వదిలిపెట్టను. అమరనాథ్ యాత్రలో మరణాలు పెరిగినప్పుడు 2012లో సుప్రీంకోర్టు తనంతట తానే విషయాన్ని విచారణకు చేపట్టింది. ఆ యాత్రకు ఆరోగ్య ధ్రువపత్రం ఇప్పుడు తప్పనిసరి. నియమం మంచిదే. ఆ పత్రం మీద సంతకం చేసే చేయి స్టెతస్కోపు కూడా ముట్టుకోకపోతే దాని విలువ ఎంత? బి.పి., షుగర్ చూసి, ఒక ఇ.సి.జి. తీసి "అర్హుడు" అని రాయడం చాలదు. చుట్ట, పొయ్యి, బట్టీ పొగల చరిత్ర అడగాలి. నాలుగు మెట్లు ఎక్కించి వేలికి ఆక్సీమీటరు పెట్టాలి. హీమోగ్లోబిన్, క్రియాటినిన్ చూడాలి. అనుమానముంటే ఎకో పరీక్షలో ఊపిరితిత్తుల ధమనుల పీడనం అంచనా వేయించాలి. వద్దని చెప్పవలసినవారికి వద్దని చెప్పాలి. భక్తుడి మనసు నొచ్చుకుంటుందని సంతకం పెట్టడం దయ అనిపించుకోదు.

కొండ మీద ఉన్నవారు గుర్తుంచుకోవలసిన లక్షణాలు కొద్దివే. తోటివారికంటే ఎక్కువగా నీరసించడం, పొడి దగ్గు, నడిస్తే ఆయాసం, ఆ తర్వాత కూర్చున్నా ఆయాసం. పెదవులు, గోళ్ళు నీలిరంగు తిరగడం, గులాబీ రంగు నురగతో కఫం రావడం ముదిరిన గుర్తులు. కొద్దిపాటి జ్వరం కూడా ఉండవచ్చు. దాన్ని చూసి జలుబు అని మందు వేసి పడుకోబెట్టకండి. తెల్లవారేదాకా ఆగకండి. చేతిలో ఆక్సిజన్ ఉంటే పెట్టి, రోగిని నడిపించకుండా, మోసుకొని కనీసం వెయ్యి మీటర్లు కిందికి దించండి. నిఫెడిపిన్ వంటి మందులు వైద్యుడు ఇచ్చినప్పుడు ఉపకరిస్తాయి గాని, దిగడానికి అవి ప్రత్యామ్నాయం కావు.

దైవదర్శనాన్ని నేను ఎవరికీ వద్దనడం లేదు. తొందర వద్దంటున్నాను. యాత్రల కరపత్రంలో భోజన పదార్థాల జాబితా ఉంటుంది, గదిలో వేడినీళ్ళ సంగతి ఉంటుంది. ఏ రాత్రి ఎంత ఎత్తులో నిద్రిస్తామో ఒక్క పంక్తి ఉండదు. ఆ పంక్తి లేని కరపత్రాన్ని తిరిగి ఇచ్చేయండి. మూడు వేల మీటర్లు దాటాక నిద్రించే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక పూర్తి విశ్రాంతి దినం ఉండాలి. దానికి మరో మూడు రోజుల ఖర్చు అవుతుందని వ్యాపారి గొణుగుతాడు, పక్క బృందం తక్కువకే తిప్పుతుందని మీ బంధువులు అంటారు. ఆ మూడు రోజులనే మన పెద్దలు మజిలీలు అన్నారు. ఈసారి మీ అమ్మానాన్నలకు టిక్కెట్లు కొనేటప్పుడు ధర అడగడానికి ముందు మజిలీలు ఎన్నో అడగండి.